సరస్సు ఒడ్డున అన్నదమ్ములు

నా ఉద్యోగం ఏమిటని చర్చిలో ఎవరైనా అడిగితే ట్రావెల్ ఆఫీసులో అని చెప్పి ఊరుకుంటాను. అంతకంటే వివరంగా చెప్పబోతే నవ్వుతారు. సత్తెనపల్లి అవతల, మిరపా పత్తీ తప్ప మరొకటి కనపడని నేల మీద, రేకుల వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, అలాస్కాలో వేటకు వెళ్ళేవాళ్ళకు నేను ప్రయాణాలు సిద్ధం చేస్తాను. రోడ్డు లేని చోట్లకు, నీళ్ళ మీద దిగే చిన్న విమానాల్లో వెళ్ళి, మూస్ అనే జంతువును వేటాడేవాళ్ళకు. మూస్ అంటే దుప్పి జాతే గానీ, మన గేదె దాని పక్కన దూడలా కనపడుతుంది. నేను మూస్‌ను చూడలేదు. మంచును చూడలేదు. విమానం ఎక్కలేదు.

బీఈడీ చదివి సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. కరోనాలో ఆ స్కూలు మూతపడింది. తాడేపల్లిలో ఒక చిన్న ఆఫీసు, అమెరికాలోని యాత్రల కంపెనీకి ఇక్కడి నుంచి పని చేసిపెట్టేది, ఇంగ్లీషు బాగా మాట్లాడేవాళ్ళు కావాలంది. చేరాను. మొదట హోటళ్ళు బుక్ చేసేదాన్ని. వేట యాత్రల పని వచ్చినప్పుడు మిగతా అమ్మాయిలు జంతువుల్ని చంపే పని మాకొద్దన్నారు. నాకు ఆ పట్టింపు లేదు. మా నాన్న చిన్నప్పుడు పత్తి చేలల్లో కుందేళ్ళకు ఉచ్చులు పెట్టినవాడే. అమ్మ పోయాక నాన్నను ఒంటరిగా వదల్లేక ఇంటి నుంచే పని చేస్తానని అడిగితే ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు.

ఈ పనిలో ప్రధానమైనది బరువు. విమానం చిన్నది, సరస్సు చిన్నది. ఎక్కువ బరువుతో దిగగలదు గానీ లేవలేదు. టెంటు, బియ్యం బదులు ఎండబెట్టిన తిండి, తుపాకి, మాంసం పెట్టే గుడ్డ సంచులు, ఎలుగుబంట్లు రాకుండా టెంటు చుట్టూ కట్టే బ్యాటరీ తీగ, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే చేతిలో పట్టేంత పరికరం, అన్నీ తూచి పెట్టుకోవాలి. జంతువును కొట్టాక దాని మాంసం ముక్క వదలకుండా తీసుకురావాలని అక్కడి చట్టం. కొమ్ములు ఆ తర్వాతే. అందుకే నేను అందరికీ ముందు చెప్పే మాట ఒకటే: నీళ్ళకు దగ్గరగా ఉన్నదాన్నే కొట్టండి, దూరంగా ఎంత గొప్పది కనపడినా తుపాకి ఎత్తొద్దు. మోసుకురాలేరు.

నేను చెప్పబోయే ఇద్దరూ అమెరికాలో ఉండే అన్నదమ్ములు. పెద్దాయన మొదటిసారి ఫోన్ చేసినప్పుడు మాకు కాయ కోతలు జరుగుతున్నాయి. నాన్న కౌలుకు తీసుకున్న చేలో కూలీలు దిగారు. కళ్ళంలో ఎండుతున్న మిరపకాయల ఘాటుకు ఫోన్లో మాట్లాడుతూ దగ్గాను.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడాయన.

"బాగానే ఉందండీ. మిరపకాయల ఘాటు."

ఆయన దాన్ని నమ్మలేదు. ఇంకేం పండుతుంది మీ దగ్గర అని అడిగాడు. పత్తి అన్నాను. తమదీ పత్తి పండే నేలేనని, బల్లపరుపుగా ఉంటుందని, చిన్నప్పుడు వాళ్ళమ్మ చేత్తో పత్తి తీసేదని చెప్పాడు. "మీకు యంత్రాలు వచ్చాయా?" అన్నాడు. రాలేదండీ, ఇంకా చేత్తోనే అన్నాను. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ముందు పత్తి సంగతే అడిగేవాడు.

పెద్దాయన స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయింది. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. ట్రాక్టర్లు బాగుచేసేవాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. పిల్లలప్పుడు మంగలి షాపులో క్యాలెండర్ మీద సరస్సులో నిలబడ్డ మూస్ బొమ్మ చూసి, పెద్దయ్యాక అక్కడికి వెళ్దామని తమ్ముడు అన్నాడట. ఎన్నో ఏళ్ళు అదొక సరదా మాటగా ఉండిపోయింది. తమ్ముడికి గుండె ఆపరేషన్ అయ్యాక సరదా మాట కాకుండా పోయింది.

ఆపరేషన్ సంగతి వినగానే మా టీమ్ లీడర్‌కి చెప్పాను. ఆయన అమెరికా కంపెనీకి చెప్పాడు, వాళ్ళు విమానం నడిపే ఆయనతో మాట్లాడారు. డాక్టరు సరేనంటే మాకు అభ్యంతరం లేదన్నారు. డాక్టరు పరీక్షలన్నీ చేసి సరేనన్నాడు. నడవొచ్చు, ఎక్కువ బరువు మాత్రం మొయ్యకూడదు.

నేను మొదట విమానాలు బయల్దేరే ఊరికి దగ్గరలో ఉన్న సరస్సు చూపించాను. అక్కడ చెక్క ఇల్లు ఉంది, పొయ్యి ఉంది, వాతావరణం బాగుంటే రోజూ ఎవరో ఒకరు ఆ పైనుంచి ఎగురుతుంటారు. పెద్దాయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆ పక్కనుంచి ఫోన్ లాక్కున్న చప్పుడయింది. తమ్ముడి గొంతు వినడం అదే మొదలు. అన్నకంటే సన్నటి గొంతు, తొందర మాట.

"అమ్మాయ్, ఆ చెక్క ఇంట్లో పడుకోవడానికి అంత దూరం ఎందుకు? మా ఇంటి వెనకాల టెంటు వేసుకుంటే పోదూ? ఎవరూ లేని చోటు చూపించు."

ఎవరూ లేని చోట్లు నా దగ్గర చాలా ఉన్నాయి. కొండల మధ్య పొడుగ్గా, వంకీ తిరిగిన ఒక సరస్సు చూపించాను. దాని ఇబ్బందులు కూడా చెప్పాను. అక్కడికి వెళ్ళాలంటే విమానం ఒక కనుమ దాటాలి, ఆ కనుమలో మబ్బు దిగితే దారి మూసుకుపోతుంది, రోజుల తరబడి రాలేకపోవచ్చు. తమ్ముడు అన్నీ విని, "అదే" అన్నాడు.

రెండ్రోజులకు పెద్దాయన ఒక్కడే ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, పక్క గదిలో తమ్ముడున్నట్టు.

"ఆ సరస్సు ఖాళీ లేదని చెప్పగలవా?"

వెంటనే ఆయనే అన్నాడు. "వద్దులే. తెలిస్తే నాతో మాట్లాడడు. వాడితో మాటల్లేకుండా ఇంట్లో ఉండటం నావల్ల కాదు."

మా ఎండాకాలమంతా ఆ ప్రయాణం మీదే గడిచింది. వాళ్ళ సాయంత్రం మా ఉదయం కాబట్టి, నేను టీ తాగే వేళకు ఫోన్ వచ్చేది. ఒకరోజు తమ్ముడు ఇనప పెనం తెస్తానంటాడు, నేను బరువు అంటాను, ఆయన చెప్పులు తగ్గించుకుంటానంటాడు. మరో రోజు పెద్దాయన, మాంసం వేలాడదీసే చోటు టెంటుకు ఎంత దూరం ఉండాలని అడుగుతాడు. మెసేజ్ పరికరం చార్జింగ్‌కు ఒకటి చాలదని, రెండు పవర్ బ్యాంకులు పెట్టించాను.

నాన్న మంచం మీద కూచుని ఈ మాటలన్నీ వింటుండేవాడు. ఇంగ్లీషు తెలియదు గానీ నా ముఖం చూసి పోల్చుకునేవాడు.

"ఏందమ్మా, ఆ ముసలోళ్ళిద్దరూ ఇంకా బయల్దేరలా?"

"సెప్టెంబరులో నాన్నా."

"దుప్పి కోసం ఇమానంలో పోవాలంటే ఎంత కోరిక ఉండాలి! చిన్నోడిదేనా కోరిక?"

"ఆఁ."

"పెద్దోడు తోడు పోతన్నాడు. అంతేగదా."

సెప్టెంబరులో మాకు వానలు పట్టాయి. మిరప నాట్లు మొదలయ్యాయి. అలాస్కాలోని ఒక చిన్న ఊరి నుంచి వాళ్ళిద్దరూ విమానం ఎక్కారు. అక్కడి నుంచి ఫోన్లు ఉండవు. ఆ పరికరం నుంచి వచ్చే పొట్టి పొట్టి మెసేజ్‌లే. మొదటిది: "దిగాం. చలి. తమ్ముడు పిల్లాడిలా ఉన్నాడు."

తర్వాత వాన. టెంటులో పేకాట. ఒక ఆడ మూస్, దాని పిల్ల నీళ్ళు దాటడం చూశారు. తమ్ముడు వంట చేస్తున్నాడు, ఉప్పెక్కువ. ఇలాంటివి. నేను వాటిని తెలుగులో చదివి నాన్నకు చెప్పేదాన్ని. నాట్లకు వచ్చిన ఆడవాళ్ళు కూడా మంచినీళ్ళకు వచ్చినప్పుడు "ఇయ్యాల ఏం రాశారు ముసలోళ్ళు?" అనేవారు.

ఒక ఉదయం వచ్చింది: "వాడు కొట్టాడు. పెద్ద మగది. ఒడ్డుకు దగ్గరలోనే. నువ్వు చెప్పినట్టే."

మర్నాడంతా కొయ్యడం, మొయ్యడం. తొడలు, భుజాలు సంచుల్లో కట్టి చెట్ల మధ్య వేసిన దూలానికి వేలాడదీశారు. బరువంతా తనే మోశానని, తమ్ముణ్ణి ముట్టుకోనివ్వలేదని పెద్దాయన రాశాడు. తమ్ముడు కోసి ఇవ్వడం, తను మొయ్యడం. విమానం రావలసిన రోజు ఇంకా ఉంది కానీ, మాంసం పాడవకుండా ముందే రమ్మని అడగమన్నాడు. అడిగాను. వాతావరణం కుదిరితే ఎల్లుండి వస్తామన్నారు.

ఆ మర్నాడు ఉదయం నేను పళ్ళు తోముకుంటున్నాను. ఫోన్ మోగింది. తీసి చూశాను.

"తమ్ముడు పడిపోయాడు. ఛాతీ. విమానం పంపు."

అక్కడ సాయంత్రం అవుతోంది. పెద్దాయన పరికరం మీద ఆపద మీట కూడా నొక్కాడు, అది నేరుగా సహాయక దళానికి వెళ్తుంది. నేను విమానం నడిపే ఆయనకు ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. సహాయక దళం ముందే చెప్పడంతో ఆయన రేవు దగ్గరికి పరిగెత్తాడంది. తర్వాత ఆమే ఫోన్ చేసి, ఎక్కి వెళ్ళాడని, కనుమ దగ్గర ఏమీ కనపడక వెనక్కి తిరిగాడని చెప్పింది. "మబ్బు చెట్ల మీద కూచుంది" అంది. సహాయక దళం హెలికాప్టర్ ఒకటి బయల్దేరింది. అదీ వెనక్కి వచ్చింది.

నేను పెద్దాయనకు రాశాను: "బయల్దేరారు. దారి దొరకలేదు. మళ్ళీ ప్రయత్నిస్తున్నారు. మాత్రలు వేశారా?"

"వేశాను."

తర్వాత: "చేతులు చల్లగా ఉన్నాయి."

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. బయట చేలో నీళ్ళు పెట్టే మోటారు శబ్దం వినపడుతోంది. పేస్టు నురగ నా పెదాల మీద అలాగే ఆరిపోయిందని, నాన్న చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాక గానీ తెలియలేదు.

"ఊపిరి లేదు" అని వచ్చింది.

అప్పుడు నేను ఏం రాశానో ఇప్పటికీ చదవలేను. అందరూ రాసే మాటలే.

సహాయక దళంవాళ్ళు ఆయనతో మాట్లాడారు. మీకు ఆపద లేదు, తిండి ఉంది, టెంటు ఉంది, మబ్బు విచ్చేదాకా అక్కడే ఉండండి అన్నారు. వాళ్ళు చెప్పింది సరైనదే. ప్రాణం ఉన్నవాడి కోసం కనుమలోకి దూరతారు. పోయినవాడి కోసం ఇంకొకరి ప్రాణం పెట్టరు. కానీ ఆ తేడా ఆయనకు ఆ మెసేజ్‌లోనే తెలిసిపోయింది. నాకు రాశాడు: "వాళ్ళు తొందరపడటం మానేశారు."

టీమ్ లీడర్ ఫోన్ చేశాడు. చెడ్డవాడు కాదు, భయపడుతున్నాడు.

"మేడం, ఇక మీరు మెసేజ్‌లు పెట్టకండి. లీగల్‌గా ప్రాబ్లం అవుద్ది. రెస్క్యూ వాళ్ళు చూసుకుంటారు."

"సార్, ఆయన అక్కడ శవం పక్కన ఒక్కడే ఉన్నాడు. చీకటి పడబోతోంది."

"నాకు అర్థమైంది మేడం. కానీ మనం ఏమన్నా రాస్తే రేపు అదే మన మీదకొస్తది."

"ఆయన నాకు రాస్తే?"

"నేను చూడలేదనుకోండి" అని పెట్టేశాడు.

పెద్దాయన రాయలేదు. నేనే రాయాలి. ఏం రాయాలి? నాన్నకు అంతా చెప్పాను. నాన్న, నేను అడక్కుండానే, మా బాబాయి సంగతి మొదలుపెట్టాడు.

నాకు ఒక బాబాయి ఉండేవాడని, జ్వరంతో పోయాడని తెలుసు. అంతే తెలుసు. నాన్న ఎప్పుడూ ఎక్కువ చెప్పలేదు.

"సింగరాయకొండ అవతల పొగాకు నాట్లకు పోయాం, నేనూ వాడూ. నీకు ఊహ తెలీదప్పుడు. తుపాను పట్టింది. పొగాకు కాల్చే బ్యారన్‌లో తలదాచుకున్నాం. మిగతా కూలోళ్ళు ముందే ఎళ్ళిపోయారు, వీడికి జొరమని నేను ఆగా. వాగులు పొంగి రోడ్డు తెగింది. ఆ జొరంలోనే పోయాడు."

"నువ్వొక్కడివే ఉన్నావా నాన్నా?"

"నేనొక్కణ్ణే. వాన తగ్గేదాకా, రోడ్డు పడేదాకా వాడి పక్కనే. ఎలుకలు తిరిగేయి. కర్ర పట్టుకుని కూచున్నా."

నాన్న గొంతులో ఏడుపు లేదు. పొలం సంగతి చెబుతున్నట్టే ఉంది.

"రైతు ఇల్లు మెరక మీద ఉంది. అక్కడ ఒక ముసలామె. నీళ్ళు దాటి రాలేదు ఆమె. గడప దగ్గర నిలబడి కేకేసేది. 'ఏమయ్యా, ఉన్నావా?' అని. నేను 'ఉన్నానమ్మా' అనేవోణ్ణి. కాసేపాగి మళ్ళీ. పగలూ అంతే, చీకట్లోనూ అంతే. ఎప్పుడు పడుకుందో ఏమో. ఇంకేం అడగలా. ఎట్టా పోయాడనీ అడగలా, ప్రార్థన చేసుకోమనీ చెప్పలా. ఉన్నావా అనేది, అంతే."

"ఆమె ఎవరు?"

"తెలీదు. ముఖం కూడా సరిగ్గా చూళ్ళా. రోడ్డు పడ్డాక వాణ్ణి బండిలో ఏసుకుని వచ్చేటప్పుడు చేతులెత్తి దణ్ణం పెట్టా. అంత దూరం నుంచి కనపడిందో లేదో." నాన్న నా ఫోన్ వంక చూశాడు. "నువ్వు కూడా అదే అడుగు."

రాశాను: "ఉన్నారా?"

చాలాసేపటికి: "ఉన్నాను."

అక్కడ చీకటి పడింది. ఇక్కడ పొద్దెక్కింది. ఆ రోజు ఆఫీసు పని ఏదీ చెయ్యలేదు. వరండాలో కూచుని, కాసేపు ఆగి ఒకసారి అదే మాట పంపాను. ఒక్కోసారి వెంటనే జవాబు, ఒక్కోసారి ఉపగ్రహం దొరక్క ఆలస్యంగా. మధ్యలో ఆయన ఒక్కో మాట చేర్చాడు. తమ్ముణ్ణి స్లీపింగ్ బ్యాగులో పెట్టాను. టెంటులోనే ఉంచాను, బయట ఉంచలేను. వాడి గడ్డం గీశాను. ఉన్నారా. ఉన్నాను. మీ దగ్గర ఏం జరుగుతోంది, అని అడిగాడొకసారి. మిరప నాట్లు వేస్తున్నారు, వాన తెరిపిచ్చింది అని రాశాను. "చెప్తూ ఉండు" అన్నాడు. చెప్పాను. ఎవరి నారు బతికింది, ఎవరి చేలో నీళ్ళు నిలిచాయి, మా పక్క చేలో పత్తి కాయ కుళ్ళుతోంది, బర్రె తాడు తెంపుకుంది. రాసి రాసి నా వేళ్ళు లాగాయి.

మధ్యాహ్నం అన్నం ముందు కూచున్నప్పుడు వచ్చింది: "ఎలుగు. మాంసం దగ్గర."

తీగ లోపలే ఉండండి, బయటికి రావద్దు, మాంసం పోతే పోనివ్వండి అని రాశాను.

"అది వాడు కొట్టింది."

"తెలుసు. రావద్దు."

జవాబు లేదు.

"ఉన్నారా?"

లేదు.

నాట్ల ఆడవాళ్ళు అన్నాల గిన్నెలు విప్పుకుని మా వేపచెట్టు కింద కూచున్నారు. ఉన్నారా అని మళ్ళీ పంపాను. నాన్న నా వెనకాల వచ్చి నిలబడ్డాడు. పంపాను. నా ముఖం చూసి ఒక ఆడమనిషి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది, మిగతావాళ్ళు గిన్నెలు పక్కన పెట్టి తలవంచారు. వాళ్ళలో సగం మందికి ఆ ముసలాయన ఉన్న దేశం పేరు తెలియదు. నాకు ఆ ప్రార్థన వినాలని లేదు. ఆగమనాలనిపించింది, ఫోన్ శబ్దం వినపడదేమోనని.

ప్రార్థన అయిపోయి, వాళ్ళు తిని, చేతులు కడుక్కుని చేలోకి దిగాక వచ్చింది.

"ఉన్నాను. బయటికి వెళ్ళాను. గాల్లో కాల్చాను. ఒక తొడ తీసుకుపోయింది. మిగతావి ఉన్నాయి."

నాకు కోపం వచ్చింది. అంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. నాన్నకు చెబితే, "పోయి ఉంటాడు. పోకుండా ఎట్టా ఉంటాడు?" అన్నాడు.

మరో రాత్రి కూడా ఆయన అలాగే గడిపాడు. ఎలుగు మళ్ళీ వచ్చింది, ఆయన ఈసారి కదల్లేదు. సంచులు చిరుగుతున్న శబ్దం వింటూ పడుకున్నాడు. "వాడి చెవులు మూశాను" అని రాశాడు. ఆ మాట నేను నాన్నకు చెప్పలేదు.

మబ్బు విచ్చిన రోజు విమానం వెళ్ళింది. విమానం నడిపే ఆయన వెంట ఒక పోలీసు కూడా వెళ్ళాడు. ఎక్కువసేపు ఆగడానికి లేదు, కనుమలో మళ్ళీ మబ్బు కడుతోంది. శవాన్ని, అన్నను, పోలీసును ఎక్కించేసరికి బరువు సరిపోయింది. మిగిలిన మాంసానికి చోటు లేదు. పెద్దాయన తను దిగిపోతానని, మాంసం, తమ్ముడు ముందు వెళ్ళాలని పేచీ పెట్టాడట. చట్టం సంగతి కాదు అది. పోలీసు ఆయన్ని నడుం పట్టుకుని ఎక్కించాల్సి వచ్చిందని విమానం నడిపే ఆయన భార్య తర్వాత నాకు చెప్పింది. ఆ తర్వాత వాతావరణం కుదిరి విమానం మళ్ళీ వెళ్ళేసరికి దూలం విరిగి ఉంది. చిరిగిన గుడ్డ సంచులు నీళ్ళ ఒడ్డున తేలుతున్నాయి. కొమ్ములు మాత్రం ఉన్నాయి. పెద్దాయన వాటిని వద్దన్నాడు.

మాంసం ఎందుకు వదిలేశారని అక్కడి అధికారులు ఆయన్ని కూచోబెట్టి అడిగారు. అడగడం వాళ్ళ పని. చివరికి కేసు ఏమీ పెట్టలేదు. మా కంపెనీ కూడా విచారించింది. డాక్టరు ఒప్పుకున్నాడు, విమానంవాళ్ళు ఒప్పుకున్నారు, ఇబ్బందులు ముందే చెప్పాం, కావలసినవన్నీ పెట్టించాం. ఎవరి తప్పూ లేదని తేల్చారు. టీమ్ లీడర్ ఆ సంగతి ఫోన్లో సంతోషంగా చెప్పాడు. నేను థాంక్యూ సార్ అన్నాను. ఎవరి తప్పయినా ఉండి ఉంటే, రోజూ కాసేపు వాళ్ళను తిట్టుకునేదాన్ని.

ఆ చలికాలం పెద్దాయన ఫోన్ చేశాడు. పత్తి సంగతి అడగలేదు.

"ఖాళీ లేదని నువ్వు చెప్పి ఉంటే..." అన్నాడు, ఆగాడు. "నేనే చెప్పొద్దన్నాను కదా. నాకు గుర్తుంది."

"ఆయన వేరే చోటు వెతికేవాడండీ."

"వెతికేవాడు." ఆ మాట అక్కడితో వదిలేశాడు. "వాణ్ణి దహనం చేశాం. బూడిద ఇంట్లో ఉంది. దాన్ని ఆ సరస్సులో కలపాలి. నువ్వే ఏర్పాటు చెయ్యి."

చేశాను. నేను సిద్ధం చేసిన ప్రయాణాల్లో అతి తేలికైనది. తుపాకి లేదు, టెంటు లేదు, సంచులు లేవు. ఒక మనిషి, ఒక డబ్బా. వేసవిలో, మంచు కరిగాక. విమానం నీళ్ళ మీద దిగి, ఇంజను ఆపి, ఆయన పని అయ్యేదాకా అక్కడే ఆగుతుంది. విమానం నడిపే ఆయన డబ్బు తీసుకోనన్నాడు.

పెద్దాయన ఆ చిన్న ఊరు చేరాడు. రెండో రోజు నుంచి వాన. కనుమ మూసుకుపోయింది. ఆయన లాడ్జి గదిలో డబ్బా కిటికీ దగ్గర పెట్టుకుని ఎదురుచూశాడు. రోజూ వాళ్ళ సాయంత్రం నాకు ఫోన్ చేసి మబ్బు సంగతి చెప్పేవాడు. నాకు అది ముందే తెలిసి ఉండేది, అయినా వినేదాన్ని. ఒక రోజు, తనకు వీలున్నప్పుడు తీసుకెళ్ళి కలుపుతానని విమానం నడిపే ఆయన అన్నాడట. పెద్దాయన డబ్బా ఇవ్వలేదు.

చివరికి ఒక ఉదయం ఫోన్ చేసి, "రేపు ఇంటికి వెళ్తున్నాను" అన్నాడు.

"వచ్చే నెల ప్రయత్నిద్దామండీ. తేదీ మారుస్తాను."

"వద్దు. నిన్న మబ్బు కాస్త విచ్చింది. ఆయన వచ్చి, వెళ్దామా అన్నాడు. నేను బూట్లు వేసుకున్నాను. వేసుకుని కూచున్నాను. లేవలేకపోయాను." ముక్కు చీదుకున్నాడు. "వాణ్ణి మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళి, ఈసారి ఒక్కణ్ణే వదిలి రావాలి. అది నావల్ల కాదు."

"సరేనండీ" అన్నాను.

"మీ నాన్న బాగున్నాడా?"

బాగున్నాడని చెప్పాను. ఆ తర్వాత ఆయన ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. పండక్కి ఒక మెసేజ్ పెడదామని రెండుసార్లు రాసి తీసేశాను.

ఉద్యోగం మానలేదు. మానితే చెయ్యడానికి మా వైపు ఇంకేం ఉంది? మొన్న ఒక జంట, భార్యాభర్తలు, ఎవరూ లేని చోటు కావాలని అడిగారు. మ్యాపు చూసి వాళ్ళంతట వాళ్ళే ఆ సరస్సు మీద వేలు పెట్టారు. ఎలా ఉంటుంది అన్నారు. చేపలు బాగా ఉంటాయని, మూస్ ఒడ్డుకే వస్తాయని, కనుమలో మబ్బు దిగితే ఎవరూ రాలేరని చెప్పాను. ఆ చివరి మాట వాళ్ళు సరిగ్గా విన్నట్టు లేదు. ఇంకోసారి చెప్పాను.